అరవై నాలుగో భాగం

మా పల్లెలో శుక్రవారం ప్రార్థన కూటంలో సాక్ష్యాలు చెప్పుకుంటారు. పాటలు అయ్యాక, వాక్యం మొదలుపెట్టకముందు, పాస్టరు అయ్యగారు అందరివైపూ చూసి, "ఈ వారంలో దేవుడు చేసిన మేలు ఎవరికైనా ఉంటే చెప్పండమ్మా" అంటారు. ఒకరి తర్వాత ఒకరు లేస్తారు. ఒకరి గేదె బురదలో దిగబడి బయటపడింది. ఒకరి అల్లుడి బండి లారీ కింద పడబోయి తప్పింది. ఒకామె కడుపులో గడ్డ ఆపరేషన్ లేకుండానే కరిగిపోయింది. చెప్పేవాళ్లు ఏడుస్తారు, వినేవాళ్లు స్తోత్రం అంటారు. సాక్ష్యమంటే అందులో ఏదో ఒకటి జరిగి ఉండాలి కదా.

మా నాయన కూడా లేచేవాడు. చేతులు కట్టుకుని, "అందరికీ వందనాలు. ఈ వారం మా ఇంట్లో ఏం జరగలేదు. ప్రభువుకు స్తోత్రం" అని చెప్పి కూర్చునేవాడు.

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వేవాళ్లు. అయ్యగారు దగ్గినట్టు నటించి నవ్వు దాచుకునేవారు. ఇంటికొచ్చాక నేను ఆయన మీద కస్సుమనేదాన్ని.

"చెప్పేదానికి ఏం లేనప్పుడు లేసేదెందుకు నాయనా?"

"ఏం లేదు కాబట్టే కదమ్మా లేసినా. ఏమన్నా అయ్యుంటే ఈ పాటికి ఆస్పత్రిలో ఉండేవాళ్లం."

ఈ మాటకు అమ్మ కూడా నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం, ఆయనకు అది చూస్తే సరదా.

ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బడిపిల్లలు రాసుకునే పలకలే. రాతిని రేకులుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తారు. పెళ్లినాటికి ఆయన కోత మిషను దగ్గర ఉండేవాడట. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవని అమ్మ చెప్పేది. ఒంటి మీది దుమ్ము నీళ్లు పోసుకుంటే పోయింది గానీ లోపలికి పోయింది పోలేదు. నాకు ఊహ తెలిసేసరికే దగ్గు పట్టుకుంటే, ఆయన్ను ప్యాకింగ్‌లోకి మార్చారు. పన్నెండు పలకలు పేర్చి, మధ్యలో కాగితాలు పెట్టి, తాడుతో కట్టాలి. దాదాపు ఇరవై ఏళ్లు అదే పని. వేరేవాళ్లు కట్టిన కట్టను ఊరికే చేత్తో పైకెత్తి, "దీంట్లో ఒకటి తగ్గింది" అనేవాడు. విప్పి చూస్తే పదకొండే ఉండేవి. ఈ సంగతి నేను తర్వాత మరిచిపోయాను. మరిచిపోకుండా ఉండాల్సింది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, సాయంత్రం ఐదున్నరకు టీవీలో ఒక జపాన్ బొమ్మల సీరియల్ వచ్చేది. తెలుగులో మాట్లాడించారు. అందులో ఒక పాప. వాళ్లమ్మ ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. పాప పొద్దున బడికి పోతుంది, సాయంత్రం దుకాణంలో బట్టలు మడత పెడుతుంది. ఆపద వచ్చినప్పుడు మాత్రం తన ఎర్ర గొడుగు తెరిచి మూడు చుట్లు తిరిగితే, బట్టలు మారిపోయి, జుట్టు వెండి రంగుకొచ్చి, లోకాన్ని చీకటి చేయడానికి వచ్చిన మూకతో పోట్లాడుతుంది. మా ఇంట్లో దాన్ని గొడుగు పాప అనేవాళ్లం.

నాకు పోట్లాట కావాలి. మా నాయనకు ఇస్త్రీ దుకాణం కావాలి. సరిగ్గా గొడుగు తెరుచుకునే సమయానికి ఆయన లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు. పోట్లాట అయిపోయాక వచ్చి కూర్చుని, "ఆ చొక్కా కాలరు మడత చూడు, పిల్లకు పనొచ్చు" అనేవాడు. కొన్ని రోజులు ఆ చీకటి మూక వచ్చేదే కాదు. ఆ రోజంతా పాపా వాళ్లమ్మా కలిసి ముల్లంగి ఊరగాయ పెట్టేవాళ్లు. లేదా బడి నుంచి విహారయాత్రకు పోదామనుకుంటే వానొచ్చి, పిల్లలందరూ బస్టాండులోనే కూర్చుని తెచ్చుకున్న అన్నాలు తినేసి ఇంటికొచ్చేవాళ్లు. అలాంటి రోజు నేను కాళ్లు నేలకేసి కొట్టేదాన్ని. ఆయన కంచం పక్కకు పెట్టి మరీ చూసేవాడు.

ఒకరోజు చివర్లో, మరుసటి రోజు రాబోయే ముక్క చూపించారు. ఎవరిదో తెల్ల చొక్కా. పాప ఇస్త్రీ చేస్తుంటే దాని గుండీ ఊడింది. ఊడి, దొర్లుకుంటూ గుమ్మం దాటి, వీధిలో కాలవ మీద పరిచిన బండల సందులో పడిపోయింది. పాప నోరు తెరుచుకుని చూస్తోంది. అంతే. మరుసటి రోజు ఐదున్నరకు టీవీ పెడితే ఏవో కార్ల బొమ్మలు పరిగెత్తుతున్నాయి. వారం రోజులు ఎదురుచూశాం. గొడుగు పాప మళ్లీ రాలేదు.

నేను రెండు రోజులు ఏడ్చి మూడో రోజు కార్ల బొమ్మల్లో పడిపోయాను. మా నాయన మాత్రం గుండీ దగ్గరే ఆగిపోయాడు. "ఆ గుండీ దొరికిందంటావా?" అని అన్నం తింటూ అడిగేవాడు. రాను రాను అది మా ఇంటి మాట అయిపోయింది. రేషన్ కార్డులో అమ్మ పేరు సరిచేయించడానికి ఆయన ఆఫీసుకు పోయి వస్తే, "గుండీ దొరికిందా?" అని అమ్మ అడిగేది. "యాడ మే, ఇంకా కాలవలోనే ఉంది" అనేవాడు. నేను ఇంటర్ పాసైన రోజు ఫ్యాక్టరీ గేటు దాకా సైకిల్ మీద పోయి, "గుండీ దొరికింది నాయనా" అని అరిచాను. లోపలున్న వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఆయన ఒక్కడికే అర్థమై, చేతిలో పలకల కట్టతోనే బయటికొచ్చాడు.

డిగ్రీ అయ్యాక గిద్దలూరులో ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. పొద్దున రైలుకు పోయి సాయంత్రానికి వచ్చేదాన్ని. ఆ ఏడాదే ఆయన పని మానేశాడు. మానేశాడు అనడం కూడా తప్పే. ఒకరోజు ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చున్నవాడు లేవలేకపోతే ఆటోలో ఇంటికి తెచ్చారు. ముందు టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు మింగించారు, తర్వాత టీబీ కాదు, రాతి దుమ్ము అన్నారు. చివరికి ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టాల్సి వచ్చింది. మంచం పక్కన చిన్న బీరువా అంత ఉండేది. కరెంటు ఉన్నంతసేపూ బుస్సుమంటూ, గురగురమంటూ ఇల్లంతా అదే మోత. దాని పక్కన కూర్చుని ఏం చెప్పాలన్నా గొంతు పెంచాల్సిందే. ఆయనకేమో మాట్లాడితే ఆయాసం. అందుకని మంచం కోడుకు పొడుగు తాడుతో ఒక పలక కట్టుకున్నాడు. నీళ్లు కావాలంటే దాని మీద రాసేవాడు, తలగడ ఎత్తు పెట్టాలంటే రాసేవాడు. "బతుకంతా పలకలు కట్టినా, ఇప్పటికి రాసేదానికి తీరింది" అని మొదటిరోజు నవ్వాడు.

నెట్ సెంటర్లో పనిలేని ఒక మధ్యాహ్నం గొడుగు పాప కోసం వెతికాను. దొరికింది. మొత్తం నూట నలభై రెండు భాగాలట. మాటలు జపాన్‌వి, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. సాయంత్రం ఇంటికొచ్చి, ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి ఆయన ముందు పెట్టాను. అడుగున వచ్చే ఇంగ్లీషు నేను చదువుకుంటూ తెలుగులో చెప్పాలి, అదీ మిషను మోత మీద. పాప గొంతు నాదే, వాళ్లమ్మ గొంతూ నాదే, చీకటి మూక గొంతూ నాదే. వీధిలో పోయేవాళ్లు ఆగి, ఈ ఇంట్లో ఏంది ఈ గొడవ అని చూసేవాళ్లు.

"గుండీది నేరుగా పెట్టేదా నాయనా?" అని మొదటిరోజే అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మొదట్నించి రా. తొందరేముంది?"

అట్లా రోజుకొకటి. రెండు నెలల్లో అరవై అయ్యాయి. "ఇంకో నాలుగైదు దినాల్లో గుండీ వస్తది" అన్నాడు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎవరూ ఆయన జబ్బు గురించి మాట్లాడలేదు. మాట్లాడటానికి వేరే సంగతులు ఉండేవి.

అరవయ్యో భాగం చూసిన మరునాడు ఒంగోలులో డాక్టరుకు చూపించే తేదీ. ఆయన్ను బయట చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. మంచిగానే చెప్పాడు, కుర్చీ చూపించి మరీ చెప్పాడు. రెండు నెలలమ్మా, బాగా గట్టిగా ఉంటే మూడు. మా వైపు ఇలాంటి మాట రోగికి చెప్పరు. చెబితే ధైర్యం చస్తుంది, ధైర్యం చచ్చిన మనిషి ఎన్నాళ్లో ఉండడు అంటారు. నేను అమ్మకు కూడా చెప్పలేదు. అమ్మ ముఖం అద్దం, అందులో అన్నీ కనబడతాయి. బయటికి రాగానే ఆయన నా కళ్లలోకి చూసి, "ఏమన్నాడు?" అన్నాడు.

"మందులు మార్చినాడు నాయనా. మూడు నెలల్లో తేలికవుతాదంట."

ఆయన తలూపాడు. బస్సులో నా భుజం మీద తలపెట్టి పడుకున్నాడు. నమ్మేశాడని సంతోషపడ్డాను.

ఏడుస్తూ కూర్చోవడం నాకు చేతకాదు, ఏదో ఒకటి చేయాలి. మరుసటి రోజు సెంటర్లో కూర్చుని లెక్క వేశాను. ఇంకా ఎనభై రెండు భాగాలున్నాయి. రోజుకొకటి అయితే దాదాపు మూడు నెలలు. ఆయనకున్నవి రెండు. అంటే గొడుగు పాప గెలిచిందో లేదో చూడకుండానే పోతాడు. చిన్నప్పుడు టీవీ వాళ్లు ఒకసారి మధ్యలో ఆపేశారు, ఇప్పుడు రెండోసారా? ఇది జరగనివ్వకూడదనుకున్నాను. లోకంలో నా చేతిలో ఉన్నది అదొక్కటే అనిపించింది.

అప్పుడే ఆ పట్టిక కనబడింది. ఆ సీరియల్ అభిమానులు ఎవరో తయారుచేసి పెట్టారు. నల్ల అక్షరాల్లో ఉన్నవి అసలు కథ, బూడిద రంగులో ఉన్నవి ఫిల్లర్. పుస్తకంగా వచ్చే బొమ్మల కథ కంటే టీవీ సీరియల్ ముందుకు పరిగెత్తకుండా, మధ్య మధ్యలో వాళ్లే అల్లిన భాగాలట అవి. వాటిలో శత్రువు ఒక్క అడుగు కూడా ముందుకు రాడు. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడిపోరు. "కథకు అవసరం లేదు, దాటేయవచ్చు" అని పట్టిక కింద రాసి ఉంది. ఎనభై రెండింటిలో బూడిద రంగువి నలభై ఒకటి. సగానికి సగం! దేవుడే చూపించాడనుకుని కళ్లు మూసుకుని స్తోత్రం కూడా చెప్పుకున్నాను. అరవై ఒకటి నుంచి అరవై ఆరు దాకా వరుసగా బూడిదే. వాటి పేర్లు కూడా చదవలేదు. నాలుగైదు దినాల్లో గుండీ వస్తదని ఆయన అన్న మాట ఆ లెక్కల్లో పడి గుర్తే రాలేదు.

ఆ సాయంత్రం అరవై ఏడు పెట్టాను. ప్రతి భాగం మొదట్లో తెరిచిన గొడుగు బొమ్మ, దాని మధ్యలో భాగం అంకె వస్తుంది. అంకె వచ్చింది, పోయింది. ఆయన కొంచెం సేపు చూసి, "ఏంది, వీళ్లు వేరే ఊరికొచ్చినారే?" అన్నాడు.

"సెలవులు నాయనా" అన్నాను.

రోజుకు రెండు చొప్పున పెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఏమీ అడగలేదు. వారం పోయాక ఒకసారి పలక నా వైపు తిప్పాడు. దాని మీద ఒకటే మాట ఉంది: గుండీ? "ముందుంది నాయనా, వస్తాది" అన్నాను. మర్నాడు సెంటర్లో వెతికితే అది అరవై నాలుగో భాగం. బూడిద రంగు. పదిహేనేళ్లు ఆయన ఎదురుచూసిన ఒకే ఒక్క భాగాన్ని నేను కథకు అవసరం లేదని దాటేశాను.

వెనక్కి పోయి పెట్టొచ్చు కదా అంటారు. ఎలా పెట్టను? అప్పటికి కథలో పాప స్నేహితురాలే శత్రువైపోయింది, ఇస్త్రీ దుకాణం కాలిపోయి వాళ్లమ్మ చెట్టు కింద బల్లేసుకుని ఇస్త్రీ చేస్తోంది. ఇప్పుడు దుకాణం మళ్లీ నిలబడి ఉంటే ఆయన ఇదేందని అడుగుతాడు. మధ్యలో కొన్ని వదిలేశానని చెప్పాలి. ఎందుకు వదిలేశావంటే? మొదట్లో తొందరేముందన్న మనిషికి, ఏం తొందరొచ్చిందని చెప్పను? అబద్ధం ఆడటం తేలికే, దానికి కాపలా కాయడమే కష్టం. నోరు మూసుకుని ముందుకే పోయాను.

ఆ రోజుల్లోనే దోర్నాల నుంచి మా మేనత్త వచ్చింది. శ్రీశైలం పోయే దారిలో ఒక హోటల్లో ఆమె పిండి రుబ్బుతుంది. సెలవు పెట్టి రమ్మని మా నాయనే కబురు చేశాడట. వచ్చీరాగానే ఫోన్లో పాప గొడుగు తిప్పడం చూసి చెంపలు వాయించుకుంది.

"మంత్రాలేందన్నా, ప్రార్థన చేసుకునే ఇంట్లో? ఆరోగ్యం బాగలేనప్పుడు చూసేదేనా ఇది?"

ఆయన ఆయాసపడుతూనే, "మంత్రం రెండు నిమిషాలే చెల్లే. మిగతాదంతా ఇస్త్రీ పనే" అన్నాడు.

నాలుగో రోజుకు అత్త మంచం పట్టె మీద కూర్చుని, "ఆ స్నేహితురాలు మంచిది కాదు, మళ్లీ నమ్మొద్దని చెప్పండి ఆ బిడ్డకు" అనసాగింది. ఆమె ఉన్న పది రోజులూ ఆయన ముఖం వెలిగిపోయింది. పోయేటప్పుడు తన సైకిల్ ఆమె కొడుక్కి ఇచ్చి పంపాడు. అయ్యగారిని పిలిపించుకుని తనకిష్టమైన నాలుగు పాటలు వరుసగా చెప్పి రాయించాడు. పొద్దుపోక చేస్తున్నాడనుకున్నాను. ఇంత చదివి, రోజుకు వందమందికి దరఖాస్తులు నింపే నాకు ఆ మాత్రం కళ్లు లేకపోయాయి.

మూడు వారాల్లో అయిపోయింది. నూట నలభై రెండో భాగంలో గొడుగు చిరిగిపోయింది, చీకటి కరిగిపోయింది, పాప మామూలు పిల్లయి బడికి పోయింది. నేను గొంతు చించుకుని అన్ని గొంతులూ చెప్పాను. చివరికొచ్చేసరికి ఏడుస్తున్నాను, గెలిచినందుకు అనుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు.

"బాగుందమ్మా" అన్నాడు. గుండీ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన పదకొండు వారాలు బతికాడు.

ఈ మాట రాయడానికే నేను కూర్చున్నాను. డాక్టరు చెప్పిన గడువు పోయింది, ఆయన ఉన్నాడు. సాయంత్రం ఐదున్నరకు నేను ఇంటికొచ్చేదాన్ని. చెంబు అక్కడే ఉండేది. ఫోన్ నా చేతిలో ఉండేది. నలభై ఒక్క భాగాలు ఫోన్లోనే ఉండేవి. ఇద్దరం మిషను మోత వింటూ గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లం. కథ అయిపోయింది కదా, ఇంకేం పెట్టాలి? ఒక్కో భాగం ఇరవై రెండు నిమిషాలు. నలభై ఒకటికి పదిహేను గంటలు. పోతున్న మనిషి దగ్గర పదిహేను గంటలు లాక్కుని, ఆయన అడగని ముగింపు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. "నాయనా, మధ్యలో కొన్ని మిగిలిపోయినాయి, చూద్దామా" అనాలి, అంతే. అనలేకపోయాను.

ఆయన కూటానికి రాలేడని చివరి రోజుల్లో శుక్రవారం కూటం మా ఇంట్లోనే పెట్టారు. సాక్ష్యాల వేళ అయ్యగారు మంచం వైపు చూశారు. ఆయన పలక మీద మెల్లగా రాసి, రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించాడు. ఈ వారం ఏం జరగలేదు. స్తోత్రం. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మరుసటి మంగళవారం మధ్యాహ్నం, నేను గిద్దలూరులో ఎవరికో కులం సర్టిఫికెట్ ప్రింటు తీస్తుండగా, ఆయన పోయాడు. ఆ నాలుగు పాటలూ ఆయన చెప్పిన వరుసలోనే పాడారు.

పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ఆదరణ కూటం అయ్యాక, అద్దెకిచ్చినవాళ్లు మిషను తీసుకుపోయాక, అమ్మా నేనూ మంచం బయట వేసి గది కడిగాం. మంచం కోడుకు పలక ఇంకా కట్టే ఉంది. ముందు వైపు ఏమీ లేదు, అమ్మ తుడిచేసింది. విప్పబోతే వెనక వైపు కనబడింది. అది ఎప్పుడూ మంచం పట్టెకు ఆని ఉండేది, నేనెప్పుడూ చూడలేదు. చిన్న చిన్న అంకెలు, వరుసకు పన్నెండు. ప్యాకింగ్ చేసే మనిషి రాత. అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు, అరవై నాలుగు. అరవై నాలుగు చుట్టూ గుండ్రంగా గీత; టీవీ వాళ్లు అరవై మూడు దగ్గర ఆపేశారని ఆయనకు అప్పటి నుంచీ గుర్తే. లెక్కపెట్టకుండానే తెలిసింది గానీ లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"అదా" అంది అమ్మ చీపురు పక్కన పెట్టి. "'మన పాప దాటేసినవి' అన్నాడు. నువ్వు రెండు రెండు పెట్టడం మొదలైన రోజే చెప్పినాడు నాకు. 'నాకు దినాలు తక్కువున్నట్టుంది మే, డాక్టరు పాపకు చెప్పినాడు' అని."

డాక్టరు నాకొక్కదానికే చెప్పిన మాటను, నేను కడుపులో పెట్టుకుని మోసిన మాటను, నా చేతులతో నేనే రోజూ ఐదున్నరకు ఆయన ముందు పెట్టాను. కట్టలో ఒక పలక తగ్గితే చేత్తో ఎత్తి చెప్పే మనిషి ముందు ఆరు భాగాలు తీసేసి, తెలియదనుకున్నాను.

"తెలిసినప్పుడు నన్ను అడగొచ్చు కదమ్మా. అవి కూడా పెట్టమని అడగొచ్చు కదా."

"నేనూ అదే అన్నా. 'అడిగితే అది ఎందుకు దాటేసిందో చెప్పాల. చెప్పలేక ఏడుస్తది. ఉండనీ' అన్నాడు." అమ్మ పలక తీసుకుని కొంగుతో చట్రం దుమ్ము తుడిచింది, అంకెలకు కొంగు తగలకుండా. "ఆ గుండీది మాత్రం చూడాలని ఉండె ఆయనకు."

మంచం ఎండలో ఉంది. నేను ఖాళీ పట్టె మీద కూర్చుని ఏడ్చాను. డాక్టరు దగ్గర ఏడవలేదు, సమాధి దగ్గర ఏడవలేదు, అన్నీ కలిపి అప్పుడు ఏడ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట అని ఉంటే పోయేది కదా, ఇద్దరం ఒకసారి ఏడ్చేసి, ఆ పదకొండు వారాలూ ముల్లంగి ఊరగాయలూ వాన పడిన విహారయాత్రలూ చూసేవాళ్లం కదా. నేను ఏడుస్తానని ఆయన, ఆయన ధైర్యం చస్తుందని నేను, ఇద్దరికీ తెలిసినదాన్ని ఇద్దరం దాచుకుని, గోడ చూస్తూ గడిపేశాం.

నెల పోయాక ఒక శుక్రవారం, కూటానికి ఇంకా టైం ఉందనగా, చెంబు తెచ్చి పెట్టాను. "ఏం చేస్తున్నావు?" అంది అమ్మ. "కూర్చో" అన్నాను. అరవై నాలుగు పెట్టాను. తెరిచిన గొడుగు, మధ్యలో అంకె. చొక్కా గుండీ ఊడి, దొర్లుకుంటూ పోయి కాలవ బండల సందులో పడింది. పాప బండ ఎత్తలేక ఊరంతా తిరిగింది. ఒకరు గడ్డపార లేదన్నారు, ఒకరు వానొస్తుంది రేపు రమ్మన్నారు. చివరికి చొక్కా ఇచ్చిన ముసలాయనే వచ్చి బండ ఎత్తి పట్టుకున్నాడు, పాప చెయ్యి పెట్టి గుండీ తీసింది. వాళ్లమ్మ దాన్ని కడిగి చొక్కాకు కుట్టింది. చీకటి మూక రాలేదు. గొడుగు తెరుచుకోలేదు.

నేను పాప గొంతు చెప్పాను, వాళ్లమ్మ గొంతు చెప్పాను, ముసలాయన గొంతు చెప్పాను. "దొరికిందమ్మా, గుండీ దొరికింది!" అని పాప అనే చోట నా గొంతు ఇంటి పైకప్పుకు తగిలింది.

అమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే అంత గట్టిగా అరుస్తావు? మిషను లేదు కదా" అంది.